ధర వదిలేశాక నియంత్రణ మండలికి మిగిలే పని

2017 మే 1న పెట్రోలు, డీజిల్ ధరలను ఏ రోజుకారోజు మార్చే పద్ధతిని దేశంలో అయిదు నగరాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. పుదుచ్చేరి, ఉదయపూర్, జంషెడ్‌పూర్, చండీగఢ్‌లతో పాటు ఆ జాబితాలో విశాఖపట్నం ఉంది. అంతవరకు నెలకు రెండుసార్లు, 1న, 16న మారుతూ వచ్చిన ధర గాజువాకలోనైనా సిరిపురంలోనైనా రోజూ కొన్ని పైసలు పెరగడమో తరగడమో మొదలైంది. నెలన్నర తిరిగేసరికి, జూన్ 16 నుంచి, అది దేశమంతటికీ వర్తించింది. అవే బంకుల బోర్డుల మీద 2022 ఏప్రిల్ 6 తర్వాత దాదాపు రెండేళ్ల పాటు కంపెనీలు తమ ధరను కదపలేదు. మధ్యలో 2022 మే నెలలో కనిపించిన తగ్గుదల కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించడం వల్ల వచ్చింది. కంపెనీల ధర మళ్లీ మారింది 2024 మార్చి 15న, రెండు రూపాయల మేరకు తగ్గి, లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు వెలువడడానికి ఒక్క రోజు ముందు. ఈ రెండేళ్లలో అంతర్జాతీయ విపణిలో ముడిచమురు బ్యారెల్ 120 డాలర్లు దాటింది, 75 డాలర్ల కిందికీ దిగింది.

చట్టం దృష్టిలో మాత్రం ఆ కాలమంతా ధరలు స్వేచ్ఛగానే ఉన్నాయి. స్తంభింపజేయమని బహిరంగ ఉత్తర్వు ఏదీ లేదు, ఎత్తివేసిన నియంత్రణను తిరిగి విధించినదీ లేదు. మరి ఆ ధర ఎవరి నిర్ణయం అన్న ప్రశ్నకు కంపెనీలు తమదేనంటాయి, ప్రభుత్వం కంపెనీలదేనంటుంది, ఈ రంగం కోసమే చట్టం చేసి ఏర్పాటు చేసిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి పేరు ఆ చర్చలో వినిపించనే వినిపించదు. ధరల నియంత్రణ ఎత్తివేసిన విపణిలో నియంత్రణ సంస్థ చేయవలసిన పనేమిటి, మన దేశంలో ఆ పని ఎవరెవరి మధ్య ఎలా చీలిపోయింది అన్నది విశాఖలో నిలబడి చూస్తే తేలికగా అర్థమవుతుంది.

ముందు నేపథ్యం క్లుప్తంగా. 1970ల నుంచి 2002 వరకు శుద్ధి కర్మాగారానికి ఎంత ముట్టాలి, రవాణాకు ఎంత, డీలరుకు ఎంత అన్నదంతా ప్రభుత్వమే ధర కట్టే పాలనాపరమైన ధరల విధానం కింద, చమురు సమన్వయ సంఘం లెక్కల ప్రకారం నడిచింది. 2002 ఏప్రిల్ 1న ఆ విధానాన్ని కాగితం మీద రద్దు చేశారు. పెట్రోలు ధరను నిజంగా వదిలింది 2010 జూన్‌లో, డీజిల్‌ను వదిలింది 2014 అక్టోబరులో. పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి చట్టం ఈ రెంటికీ ముందే, 2006లో వచ్చింది. 2007 అక్టోబరు 1న మండలి ఏర్పడింది. పైపులైన్లు వేసేందుకు అనుమతులిచ్చే కీలకమైన 16వ సెక్షన్ మాత్రం 2010 జూలై 15 దాకా అమలులోకి రాలేదు. అంటే మొదటి రెండున్నరేళ్లకు పైగా మండలి తన ప్రధానమైన పనిముట్టు చేతికి అందకుండానే కూర్చుంది. ధర వదిలే తేదీ, పర్యవేక్షకుడు సిద్ధమయ్యే తేదీ ఒకదానికొకటి పొంతన లేకుండా నడిచిన ఈ తీరు ఇప్పటి అయోమయంలో చాలా భాగానికి మూలం.

శుద్ధి నుంచి బంకు దాకా ఉండే గొలుసును పరిశ్రమలో డౌన్‌స్ట్రీమ్ అంటారు. ఆ గొలుసులోని కొక్కేలన్నీ ఒకే ఊళ్లో కనిపించే చోట్లు దేశంలో ఎక్కువ లేవు. విశాఖ వాటిలో ఒకటి. 1957లో కాల్‌టెక్స్ మల్కాపురం దగ్గర నెలకొల్పిన శుద్ధి కర్మాగారం 1976లో ప్రభుత్వం చేతికి వచ్చి, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో విలీనమైంది. ఏడాదికి 83.3 లక్షల టన్నుల సామర్థ్యాన్ని కోటిన్నర టన్నులకు పెంచే విస్తరణ అక్కడే జరిగింది. పక్కనే ఓడరేవు, కొండ కింద తొలిచిన రాతి గుహల్లో 13.3 లక్షల టన్నుల వ్యూహాత్మక ముడిచమురు నిల్వ, వేరొక గుహలో 60 వేల టన్నుల ఎల్‌పీజీ, విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా 572 కిలోమీటర్ల ఉత్పత్తుల పైపులైను, పారాదీప్ నుంచి హైదరాబాద్‌కు ఇదే తీరం వెంట వచ్చే మరో పైపులైను, వీటన్నిటి చివర డిపోలు, ట్యాంకర్ లారీల బారులు, ఊరంతా పరుచుకున్న బంకులు.

వీటిలో పోటీకి లొంగేవి కొన్ని, లొంగనివి కొన్ని. స్థలం, పెట్టుబడి, అనుమతులు ఉంటే ఎదురెదురుగా రెండు బంకులు వెలుస్తాయి, వెలిశాయి కూడా. అదే విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు ఇప్పటికే ఉన్న గొట్టం పక్కన ఇంకొకరు ఇంకో గొట్టం పాతిపెట్టడం చాలా సందర్భాల్లో జాతి ధనం నేలపాలు చేయడమే. కాబట్టి గొట్టం ఒక్కటే ఉండాలి, అందులో సరుకు పంపే హక్కు మాత్రం ఒక్కరిదే కాకూడదు. ధర వదిలేసిన విపణిలో నియంత్రణ సంస్థ అవసరం అన్నిటికంటే ముందు ఇక్కడ కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన ఒక కంపెనీ సూర్యాపేటలోనో నల్గొండలోనో బంకులు తెరిచిందనుకుందాం. దాని పోటీదారు సరుకు గొట్టంలో వస్తుంది, దాని సరుకు లారీలో వస్తుంది. లీటరుకు పడే ఆ తేడా డీలరు కమీషన్‌లోంచో కంపెనీ లాభంలోంచో పోవాలి, లేదా ధరలో కలవాలి. మూడో దారి తొక్కితే ఎదురు బంకు ముందు బేరం నిలవదు. మొదటి రెండూ తొక్కితే ఆ కంపెనీ ఎక్కువ రోజులు నిలవదు. ఆ బంకు మూతపడ్డాక దాన్ని ధర ఓడించిందని జనం అనుకుంటారు గాని, ఓడించింది గొట్టం.

ఈ చిక్కుకు చట్టంలో మందు ఉంది. ఒక పైపులైనును అందరికీ సమానంగా అందుబాటులో ఉండే ఉమ్మడి రవాణా మార్గంగా 20వ సెక్షన్ కింద మండలి ప్రకటించవచ్చు. రవాణా చార్జీని 22వ సెక్షన్ కింద నిర్ణయించవచ్చు. పెట్రోలు, డీజిల్ వంటి ఉత్పత్తుల పైపులైన్లకు మండలి 2010 నిబంధనల్లో ఎంచుకున్న కొలబద్ద ఆసక్తికరమైనది: అంతే దూరం రైలు వ్యాగన్లలో పంపితే అయ్యే సరుకు చార్జీలో 75 శాతం. గొట్టం వేయడానికి ఎంత ఖర్చయింది, దాని మీద ఎంత రాబడి రావాలి అన్న సుదీర్ఘమైన లెక్కల జోలికి పోకుండా, అవతల రైలు ఉంది కాబట్టి దానికంటే చవకగా ఉంటే చాలన్నది ఇందులోని తర్కం. లెక్క సులువు, వివాదాలు తక్కువ. అయితే ఆ నిబంధనల ప్రకారం రైల్వే తన ఇతర అవసరాల కోసం సరుకు చార్జీ పెంచినప్పుడల్లా గొట్టం చార్జీ కూడా ఏ కారణమూ లేకుండా పెరిగేది. ఇరవై ఏళ్ల కింద పాతి, పెట్టుబడి ఎప్పుడో రాబట్టుకున్న పైపులైనుకు ఆ పెంపు అయాచితంగా దక్కే సొమ్మే అయ్యేది.

గొట్టంలో చోటు దొరికినంత మాత్రాన పని పూర్తి కాదు. గొట్టంలో పెట్రోలు, డీజిల్ ఒకదాని వెనుక ఒకటి వరుసలుగా ప్రయాణిస్తాయి. అవతలి కొసన దింపుకోవడానికి ట్యాంకు కావాలి, లారీలకు నింపడానికి వసతి కావాలి. ఆ టెర్మినల్ పైపులైను యజమానిదే అయినప్పుడు, బయటివాడికి గొట్టంలో ఇచ్చిన హక్కు తలుపు తీసి మెట్లు పీకేసిన ఇంటి వంటిది. ప్రభుత్వ రంగ కంపెనీలు తమలో తాము సరుకు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాట్లు ఏనాటి నుంచో ఉన్నాయి. విశాఖలో ఏ కంపెనీ పెట్రోలు మైలేజీ ఎక్కువిస్తుందని టీ కొట్ల దగ్గర జరిగే వాదనలకు ఈ ఏర్పాట్లు తెలిసినవాళ్లు నవ్వుకుంటారు, వేర్వేరు రంగుల బంకులకు వెళ్లే లారీల్లో చాలాసార్లు ఒకే శుద్ధి కర్మాగారం సరుకు ఉంటుంది గనుక. ఆ సర్దుబాటు కొత్తవారికి కూడా ప్రకటిత రుసుముపై, వివక్ష లేకుండా దొరికేలా చూడడం నియంత్రణ సంస్థ చేయగల పనుల్లో అత్యంత ఫలవంతమైనదని చెప్పవచ్చు. వార్తల్లోకి ఎక్కేది మాత్రం ఇది కాదు.

ఇక ధర సంగతి. చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం మండలి ధరలను గమనించాలి, పోటీని దెబ్బతీసే పోకడలు కనిపిస్తే సరిదిద్దే చర్యలు తీసుకోవాలి, సరుకు అందరికీ సమంగా అందేలా చూడాలి, బంకులు పాటించాల్సిన సేవా బాధ్యతలను నిబంధనలుగా రాసి అమలు చేయాలి. వినడానికి ఇది పెద్ద అధికారమే. కాని ఈ విధులు ‘నోటిఫై చేసిన’ ఉత్పత్తులకు మాత్రమే వర్తిస్తాయి, ఏ ఉత్పత్తిని నోటిఫై చేయాలో తేల్చేది కేంద్ర ప్రభుత్వం. కాపలాదారుకు లాంతరు ఇచ్చి, దాని వత్తి వెలిగించే హక్కును ఇంటి యజమాని తన దగ్గర ఉంచుకున్నట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. గమనించడం వేరు, నిర్ణయించడం వేరు అన్నది కోర్టులు కూడా స్పష్టం చేశాయి. నగర గ్యాస్ పంపిణీలో ఢిల్లీకి గ్యాస్ అందించే ఇంద్రప్రస్థ గ్యాస్ కంపెనీ వసూలు చేసే రుసుములను మండలి ఖరారు చేయబోతే, ఆ అధికారం చట్టంలో లేదని ఢిల్లీ హైకోర్టు 2012 జూన్‌లో కొట్టేసింది. 2015 జూలైలో సుప్రీంకోర్టు అదే మాట నిలబెట్టింది. గ్యాసుకు సంబంధించిన తీర్పే అయినా, చట్టం రాయని అధికారాన్ని సదుద్దేశంతో కూడా ఊహించుకోరాదన్న దాని సారం పెట్రోలుకూ పాఠమే.

ధర ఎవరి చేతిలో ఉందన్నది తెలియాలంటే బంకుల యాజమాన్యం చూడాలి. దేశంలోని బంకుల్లో పదింట తొమ్మిది ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం సంస్థలవి. మొదటి రెంటిలో కేంద్రానిదే ప్రధాన వాటా. మూడో దానిలోని ప్రభుత్వ వాటాను 2018 జనవరిలో ఓఎన్‌జీసీ 36,915 కోట్ల రూపాయలకు కొన్నది, ఓఎన్‌జీసీ కూడా కేంద్రానిదే. బంకు డీలరుకు ధర మీద ఎలాంటి స్వేచ్ఛా లేదు. ఉదయం 6 గంటలకు కంపెనీ పంపిన అంకె యంత్రంలోకి వస్తుంది, అతనికి దక్కేది ముందే ఖరారైన కమీషన్. అందుచేత ఒకే రోడ్డు మీద మూడు కంపెనీల బంకుల ధరల మధ్య తేడా పైసల్లోనే ఉంటుంది. దీన్ని వెంటనే కుమ్మక్కు అనేయడం తొందరపాటు. ఒకే సూత్రంతో లెక్క వేసేవారి జవాబులు ఒక్కలాగే వస్తాయి. అయితే ముగ్గురు పోటీదారులకూ యజమాని ఒక్కరే అయినప్పుడు, ఆ యజమానే విధానమూ రాస్తున్నప్పుడు, ఈ పోలిక సహజమైనదా సర్దుబాటా అని తేల్చే స్వతంత్రమైన కన్ను ఉండాలి. ఆ కన్ను మండలిదే కావాలి; ఇప్పటి ఏర్పాటులో కాలేకపోతోంది.

దీని పర్యవసానం రెండుసార్లు కళ్లకు కట్టింది. 2008లో ముడిచమురు మండిపోయినప్పుడు ప్రభుత్వ కంపెనీలకు నష్టపరిహారం అందింది, ప్రైవేటు వారికి అందలేదు. రిలయన్స్ 1,400కు పైగా బంకులను ఆ మార్చిలో మూసేసింది. రెండోసారి 2022లో. ఆ ఏడాది ఆరంభంలో బంకు ధర కదలకుండా ఉండగా, టోకు కొనుగోలుదార్లకు వేసే డీజిల్ ధర దాన్ని మించిపోయింది. ఫలితంగా సొంత డిపోల్లో సొంత ట్యాంకులున్న ఆర్టీసీ బస్సులు రోడ్డు పక్కన బంకుల ముందు, ఆటోల వెనుక, బైకుల మధ్య వరుస కట్టాయి. టోకున కొంటే ఎక్కువ, చిల్లరగా కొంటే తక్కువ! సంతలో కూరగాయలు కొన్న ఎవరికైనా ఇది తలకిందుల లెక్కని తెలుస్తుంది. ప్రైవేటు బంకులు కొన్ని ధర పెంచాయి, కొన్ని అమ్మకం తగ్గించాయి, ఆ ఒత్తిడంతా ప్రభుత్వ కంపెనీల బంకుల మీద పడింది.

అప్పుడు రంగంలోకి దిగింది కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ. 2022 జూన్ 17న అది సార్వత్రిక సేవా బాధ్యతను, మారుమూల ప్రాంతాలతో సహా, అనుమతి పొందిన కంపెనీల బంకులన్నిటికీ విస్తరించింది. నిర్ణీత వేళల్లో తెరిచి ఉంచాలి, కనీస నిల్వ ఉంచాలి, అడిగినవారికి వివక్ష లేకుండా పోయాలి, ‘సహేతుకమైన ధర’కు అమ్మాలి. తప్పితే అనుమతి రద్దు కావచ్చు. ఇందులో మొదటి మూడింటికీ అభ్యంతరం చెప్పలేం. కొరత రోజుల్లో బంకు తెరిచి ఉండడం ప్రజలకు అవసరమే. నాలుగో మాట దగ్గర ఆగాలి. స్వేచ్ఛా విపణిలో సహేతుకమైన ధర ఏది? ప్రభుత్వ కంపెనీ నష్టానికి అమ్ముతున్న ధరా, దిగుమతి ఖర్చును బట్టి తేలే ధరా? ఆ ఏడాది ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మూడు ప్రభుత్వ కంపెనీలూ కలిపి 21,200 కోట్ల రూపాయల నికర నష్టం చూపాయి. 2023-24లో అవే కంపెనీల లాభం 80 వేల కోట్లు దాటింది. ఒక ఏడాది పోయింది మరుసటి ఏడాది రాబట్టుకోవచ్చునన్న భరోసా యజమాని అండ ఉన్నవారికే ఉంటుంది. పోటీదారుల్లో ఒక పక్షానికి యజమాని అయిన ప్రభుత్వం అందరికీ కలిపి ఆ ధర అర్థం చెప్పడం కంటే, 11వ సెక్షన్‌లో ఇప్పటికే రాసి ఉన్న సేవా బాధ్యతల అధికారాన్ని మండలి వాడి, ఇరుపక్షాల వాదనా విని, కారణాలతో ఉత్తర్వు ఇవ్వడం సబబు. మండలి ఉత్తర్వు మీద విద్యుత్తు అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి ఉంది. మంత్రిత్వ శాఖ లేఖ మీద అంత సులువైన దారి లేదు.

ప్రవేశ నిబంధనలు కూడా విపణిని ముసుగులో మూసేయగలవు. ఫిలిప్పీన్స్ 1996లో చమురు రంగంపై నియంత్రణను ఎత్తివేస్తూ చేసిన చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1997 నవంబరులో కొట్టేసింది. ముడిచమురు దిగుమతికి 3 శాతం, శుద్ధి చేసిన ఉత్పత్తులకు 7 శాతం సుంకం పెట్టడం, కనీస నిల్వలు తప్పనిసరి చేయడం చూడడానికి తటస్థంగా ఉన్నా, శుద్ధి కర్మాగారాలున్న పాత మూడు కంపెనీలకే అవి మేలు చేస్తాయన్నది కోర్టు అభిప్రాయం. ఆ లోపాలు సరిదిద్ది 1998లో కొత్త చట్టం తెచ్చారు. మన దేశంలో 2002 నాటి షరతు ప్రకారం చమురు రంగంలో 2,000 కోట్ల రూపాయల పెట్టుబడి ఉంటేనే చిల్లర అమ్మకానికి అనుమతి. 2019 నవంబరులో దాన్ని 250 కోట్ల నికర విలువకు తగ్గించారు. కనీసం 100 బంకులు, వాటిలో 5 శాతం మారుమూల ప్రాంతాల్లో అన్న షరతు చేర్చారు. ఇది మంచి సడలింపే. కాని తలుపు వెడల్పు చేసినవారు గొట్టం, ట్యాంకు సంగతి తేల్చకపోతే లోపలికి వచ్చినవారు వసారాలోనే ఉండిపోతారు.

సామాన్య వినియోగదారుడికి మాత్రం నియంత్రణ అంటే బంకు దగ్గర కొలత. మీటరు సున్నా చూసుకోవడం అందరికీ అలవాటే. అడిగితే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల పాత్రలో పోసి చూపాలన్నది కొందరికే తెలుసు. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల దాకా తేడాను అనుమతిస్తారు. పాత్ర మెడ దగ్గర గీతకు పెట్రోలు మట్టం తగులుతుందా లేదా అన్నది కంటికి తెలిసిపోతుంది. వడపోత కాగితం మీద ఒక చుక్క వేస్తే మరక మిగలకుండా ఆరిపోవాలి. లారీ వచ్చినప్పుడు గాజు జాడీలో సరుకు తీసి, హైడ్రోమీటరు తేల్చి, ఉష్ణోగ్రత చూసి, 15 డిగ్రీలకు సరిచేసిన సాంద్రతను చలానాలోని అంకెతో పోల్చి రిజిస్టరులో రాస్తారు. ఘనపు మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉంటే ఆ లారీ సరుకు దించుకోకూడదు. ఇంత పద్ధతిగా ఉన్న ఈ తనిఖీలో మండలి ఎక్కడా లేదు. కొలత రాష్ట్ర ప్రభుత్వ శాఖది, మంటల భద్రత లైసెన్సు పేలుడు పదార్థాల భద్రతా సంస్థది, నిరభ్యంతర పత్రం జిల్లా యంత్రాంగానిది, కల్తీ మీద చర్య నిత్యావసర సరుకుల చట్టం కింద పౌర సరఫరాల శాఖది, డీలరు క్రమశిక్షణ కంపెనీలు తామే రాసుకున్న మార్గదర్శకాలది. ఫిర్యాదు పట్టుకుని వెళ్లే మనిషికి ఏ గుమ్మం ఎక్కాలో తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు.

శుద్ధి కర్మాగారం ఇంటి పక్కనే ఉన్నా పెట్రోలు ఎందుకింత ఖరీదన్న ప్రశ్న విశాఖలో తరచూ వినబడుతుంది. దగ్గరితనం వల్ల తగ్గేది రవాణా ఖర్చు మాత్రమే, అది మొత్తంలో స్వల్పం. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం వ్యాట్, దానికి తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఒక రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు ఉన్నాయి. పుదుచ్చేరి పాలనలోని యానాంలో పన్ను తక్కువ కాబట్టి కాకినాడ వైపు బళ్లు అక్కడి బంకులకు మళ్లుతాయి. కేంద్ర సుంకం కలిసిన ధర మీద శాతంగా పడే పన్ను గనుక, మూల ధర పెరిగిన ప్రతిసారీ రాష్ట్ర రాబడి దానంతట అదే పెరుగుతుంది. ఈ భాగం ఏ నియంత్రణ సంస్థ పరిధిలోకీ రాదు, రానక్కర్లేదు.

భద్రత మాటకొస్తే విశాఖకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున ఇక్కడి శుద్ధి కర్మాగారంలో ఎల్‌పీజీ లీకై జరిగిన పేలుళ్లలో దాదాపు 60 మంది చనిపోయారు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలేనాటికి, మండలి అత్యవసర ప్రణాళికలపై 2010లో చేసిన నిబంధనలు పుస్తకంలో ఉన్నాయి. అవి ఉన్నంత మాత్రాన ఊరి మధ్య నుంచి పోయే పాత గొట్టం కొత్తది కాలేదు.

ధరను తాకకుండా ధర మీద ప్రభావం చూపే పద్ధతులు వేరే దేశాల్లో నడుస్తున్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2001 నుంచి ప్రతి బంకూ రేపటి ధరను ఈ రోజు మధ్యాహ్నం 2 గంటల్లోగా ప్రభుత్వ వ్యవస్థకు తెలపాలి. ఉదయం 6 నుంచి 24 గంటలూ ఆ ధరకే కట్టుబడాలి. జర్మనీలో పోటీ పర్యవేక్షణ సంస్థ 2013లో ఒక ప్రత్యేక విభాగం పెట్టింది. ధర మార్చిన బంకు అయిదు నిమిషాల్లో ఆ సంగతి అక్కడికి చేర్చాలి, ఆ సమాచారం వాహనదారుల ఫోన్లకు వెళుతుంది. వందలాది యజమానులు తమ ధర తామే వేసుకునే ఆ దేశాల్లో సమాచారం సేకరించడమే పెద్ద పని. ఇక్కడ ఆ శ్రమ లేదు. ప్రభుత్వ కంపెనీల బంకుల ధర ఒకే చోటి కంప్యూటరు నుంచి వస్తుంది. కాని ఆ ధరలో శుద్ధి కర్మాగారం వాటా ఎంత, రవాణా ఎంత, కంపెనీ మిగులు ఎంత, డీలరు కమీషన్ ఎంత, రెండు ప్రభుత్వాల పన్నులు ఎంత అన్న కూర్పును కంపెనీలు ప్రధానంగా ఢిల్లీ నగరంలోని ధరకు మాత్రమే చూపిస్తాయి. సమాచార నిధిని నిర్వహించడం 11వ సెక్షన్ మండలికి అప్పగించిన విధుల్లోనే ఉంది. విశాఖ డిపో నుంచి బయలుదేరే లీటరుకు, విజయవాడలో గొట్టం దిగే లీటరుకు, సరిహద్దు ఇచ్ఛాపురంలో పోసే లీటరుకు విడివిడిగా ఆ కూర్పు ప్రతి నెలా ప్రకటించమని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు.